ఇంటిపేరు అడగని జబ్బు

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లు, హౌరా,
ఆదివారం మధ్యాహ్నం.

పూజ్యుడైన అన్నయ్యకి చెల్లెలు నూకరత్నం దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ మావ, నీ మేనల్లుడు శంకర్ కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వు, వదిన, అమ్మ, గౌరి కూడా కులాసా అని రాయడం ఆనవాయితీ. కానీ నువ్వు కులాసాగా లేవని నాకు తెలుసు, అందుకని ఆ ముక్క ఈసారి రాయడం లేదు. ఎందుకో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. సగం చదివి చొక్కా జేబులో పెట్టుకుని జీడిపప్పు బట్టీకి వెళ్లిపోకు.

చేతిలో ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోన్లో అమ్మ గురించి మాట్లాడితే వింటావు, జీడిపప్పు ధర చెబుతావు, వదిన మీద చాడీలు చెబుతావు. ఆ ఒక్క మాట ఎత్తగానే "సిగ్నల్ నేదు సెల్లీ" అని పెట్టేస్తావు. పలాసలో సిగ్నలు సరిగ్గా ఆ మాటకే ఎలా పోతుందో నాకు అర్థం కాదు. ఉత్తరమైతే నీకు ఆ వీలుండదు. ఏడో తరగతి తర్వాత ఇంత రాయడం ఇదే, తప్పులుంటే నీ కూతురి చేత దిద్దించి చదువుకో. ఎలాగూ బడిలో పంతులమ్మే కదా.

ముందు మా సంగతులు చెబుతాను. ఏక్‌బాల్‌పూర్‌లో మీ మావ పనిచేసిన ఓడల డాకు వాళ్ల గది ఖాళీ చేసి శంకర్ క్వార్టర్‌కి వానలకి ముందు వచ్చేశాం, ఇప్పుడు దుర్గాపూజలు దగ్గర పడ్డాయి. రెండు గదులు, చిన్న వరండా, వెనక ఓ జామచెట్టు. నీళ్లకి పోట్లాట లేదు. పెళ్లయి వచ్చినప్పటినుంచీ పంపు దగ్గర బిందె పెట్టి అరుచుకోవడం అలవాటైన దాన్ని, ఇక్కడ కుళాయి తిప్పితే నీళ్లొస్తుంటే మొదట్లో ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. అక్కడ పొద్దున్న లేస్తే పక్కింటి బరంపురం ఆవిడా, ఎదురింటి సోంపేట ఆవిడా తలుపు కొట్టేవారు. ఇక్కడ అందరూ తలుపులు వేసుకునే ఉంటారు. శంకర్ యార్డుకి డ్యూటీకి వెళ్తే సాయంత్రందాకా తెలుగు మాట వినబడాలంటే మీ మావతో గొడవ పెట్టుకోవాల్సిందే. అది రోజూ జరుగుతూనే ఉంది కాబట్టి పెద్ద లోటు లేదు.

మెటియాబ్రుజ్ దర్జీల దగ్గర్నుంచి తెచ్చుకునే బొత్తాల పని పోయింది. పిల్లల గౌన్లకి బొత్తాలూ హుక్కులూ కుట్టి కుట్టి నా బొటనవేలు గట్టిపడిపోయింది. ఇప్పుడు చేతులు ఊరికే ఉంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. పక్క క్వార్టర్ బౌది, అంటే బెంగాలీలో వదిన అన్నమాట, తన జాకెట్లు ఇచ్చింది, హుక్కులు కుట్టిపెట్టాను. మర్నాడు చేప తలకాయ వేసి వండిన బచ్చలికూర గిన్నెడు తెచ్చి ఇచ్చింది. ఆవనూనె వాసన మీ మావకి ఇన్నేళ్లకీ పడదు, అయినా గిన్నె ఖాళీ చేసి "పరవాలేదు" అన్నాడు. నేను బదులుగా చింతపండు పులుసు పంపిస్తే బౌది కళ్లు తుడుచుకుంటూ వచ్చి చాలా బాగుందని చెప్పింది. మంచి మనిషి.

మా వెనక నుంచే పట్టాలు. హౌరాలో బయలుదేరి మన వైపు పోయే బళ్లన్నీ ఇటే పోతాయి. మొదటి వారం ఒక్కో బండి పోతుంటే చేతిలో చేట వదిలి లేచి చూసేదాన్ని. ఇది రేపు పొద్దుటికి పలాసలో ఆగుతుంది కదా, నేనేమో ఇక్కడ బియ్యం ఏరుతున్నాను కదా అనిపించేది. ఒకరోజు ఏడుస్తుంటే మీ మావ చూశాడు. "ఏటే, పొగ తగిలిందేటి?" అన్నాడు. ఇక్కడ గ్యాసు పొయ్యి అన్నయ్యా, పొగెక్కడిది. తెలిసే అడిగాడు. నేను కూడా అవునన్నాను.

ఇక మీ మావ ఆరోగ్యం. బాగున్నాడు, నిజంగా బాగున్నాడు, నిన్ను ఊరడించడానికి రాయడం లేదు. కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, అయిపోయింది. ఆ వారాల్లో నీరసపడి మంచం దిగేవాడు కాదు, అన్నం సయించేది కాదు. ఒకరోజు బంద్ వచ్చింది. బస్సుల్లేవు, ట్రాముల్లేవు. నడుచుకుంటూనైనా ఆస్పత్రికి పోదామని బయలుదేరితే మలుపులో ఎర్రజెండాల కుర్రాళ్లు ఆపారు. ఆస్పత్రి చీటీ చూపించేసరికి వాళ్లే ఒక సైకిల్ వ్యాన్ పిలిచి, మీ మావని దాని మీద కూచోబెట్టి, "దాదా, నెమ్మదిగా" అని బండివాడికి చెప్పి పంపించారు. ఇప్పుడు పొద్దున్నే స్టేషను దాకా నడిచి వస్తున్నాడు. చేప ముళ్లు తీయలేదని నన్ను కసురుతున్నాడు. ఆ కసురు విని నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. మూడు నెలలకోసారి సూది వేయించుకోవాలి, రక్తం చూపించుకోవాలి. జబ్బు ఆ గ్రంథి దాటి బయటికి పాకకముందే దొరికిందనీ, భయం లేదనీ డాక్టర్ బాబు చెప్పారు.

ఎలా దొరికిందో నీకు పూర్తిగా తెలియదు. మాటిమాటికీ బయటికి వెళ్లేవాడు. వెళ్లి చాలాసేపు నిలబడేవాడు. అడిగితే టీ ఎక్కువైందనేవాడు. రిటైరయ్యే వాళ్లని పరీక్ష చేయడం డాకులో మామూలే, అక్కడి డిస్పెన్సరీ డాక్టరు అనుమానపడి పెద్దాస్పత్రికి పంపారు. మూత్రం సంచి కింద మగవాళ్లకి ఓ చిన్న గ్రంథి ఉంటుందట, ప్రొస్టేట్ అంటారు. రక్తం తీశారు, ముక్క తీసి చూశారు, క్యాన్సరన్నారు. రాచపుండు అని మన పెద్దవాళ్లు అనేవారే, అదే. ఆ మాట విన్న రోజు నేను వార్డు బయట బల్ల మీదే పొద్దుగూకేదాకా కూచున్నాను.

తర్వాత ఒకరోజు డాక్టర్ బాబు మమ్మల్ని ముగ్గుర్నీ కూచోబెట్టి ఇంట్లో వాళ్ల సంగతులు అడిగారు. నాకోసం హిందీలో నెమ్మదిగా మాట్లాడేవారు. ఈయన తండ్రి ఎలా పోయారన్నారు. మీ మావ, "బరువులు మోసి నడుం పడిపోనాది, దాంతోనే పోనాడు" అన్నాడు. శంకర్ దాన్ని బెంగాలీలో చెప్పాడు. ఎలా పడిపోయింది, మొదట ఏం నొప్పి, తర్వాత ఏమైంది అని డాక్టర్ బాబు తిరగేసి మరగేసి అడిగారు. నేను నాకు గుర్తున్నదంతా చెప్పాను. తాతయ్యకి ముందు నడుం నొప్పి, తర్వాత తుంటి, తర్వాత కాళ్లు లేవకపోవడం, ఉచ్చ బిగిసిపోవడం. ఆముదం రాశారు, వాతలు పెట్టించారు, నిన్ను వీపు మీద ఎక్కించి తొక్కించేవారు. నువ్వు గోడ పట్టుకుని తొక్కుతుంటే తాతయ్య పళ్లు బిగపట్టుకుని "ఇంకో సుట్టు తొక్కరా" అనేవాడు, గుర్తుందా. ఆయన స్టేషను గూడ్సు షెడ్డులో మూటలు మోశాడు కాబట్టి అది మూటల నొప్పే అని ఊరంతా అనుకుంది. డాక్టర్ బాబు రాయడం ఆపి, ఆ మనిషిని ఇప్పుడు చూడలేను కాబట్టి ఒట్టేసి చెప్పలేను గానీ, ఈ జబ్బు ముదిరితే వెన్నెముకలోకీ తుంటిలోకీ అలాగే దిగుతుందన్నారు.

ఆడవాళ్ల సంగతీ అడిగారు. మగవాళ్ల జబ్బుకి ఆడవాళ్లెందుకని నాకు నవ్వొచ్చింది. కొన్ని ఇళ్లలో ఆడవాళ్లకి రొమ్ములో గడ్డగా వచ్చేదీ, మగవాళ్లకి ఇలా వచ్చేదీ ఒకే లోపం వల్ల కావచ్చట. మన పిన్ని అలాగే పోయింది కదా. ఆ మాట చెబుతుంటే నా నవ్వు ఆగిపోయింది. నన్ను కూడా ఆడ డాక్టరమ్మ దగ్గరికి పంపించారు, ఏమీ లేదంది, ఏడాదికోసారి రమ్మంది. అమ్మని కూడా చూపించుకోమని చెప్పు, కంగారు పడకుండా చెప్పు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. డాక్టర్ బాబు కాగితం మీద మగవాళ్లకి గళ్లూ ఆడవాళ్లకి సున్నాలూ గీశారు. తాతయ్యకి ఒక గడి, కింద మీ మావకి, అమ్మకి, పిన్నికి. దూరంగా ఓ పక్కన నాకొక సున్నా గీసి, మీ మావతో ఒక గీత కలిపి, కింద శంకర్‌ని పెట్టారు. ఈవిడ బయటినుంచి వచ్చిన మనిషి కాబట్టి ఈవిడ వైపు అడగక్కర్లేదని తనలో తాను అనుకున్నారు. శంకర్ నా వైపు చూశాడు. ఇక్కడి వాళ్లకి మేనమామని చేసుకోవడమంటే ఎంత వింతో నీకు తెలియదు. ఇన్నేళ్లలో ఏ బెంగాలీ ఆవిడా పెళ్లికి ముందు మీరేమవుతారని అడగలేదు, నేనూ చెప్పలేదు. అడగనిదానికి చెప్పడమెందుకు.

ఆరోజు చెప్పేశాను. "డాక్టర్ బాబూ, నేను ఈయన సొంత అక్క కూతుర్ని" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఛీ అనలేదు, నవ్వలేదు. ఇంకో కాగితం తీసుకుని అంతా మళ్లీ గీశారు. ఈసారి అమ్మ నుంచి నాకు గీత దిగి, నా నుంచి మళ్లీ మీ మావ దగ్గరికే వెళ్లింది. తీగ ఏ రాటకి కట్టామో మళ్లీ దానికే తెచ్చి చుట్టినట్టు ఉంది. చూసి చూసి, "అయితే మీకు అన్నదమ్ములున్నారా?" అన్నారు.

ఉన్నాడు, ఒక్క అన్నయ్య అన్నాను.

"ఆయన పరీక్ష చేయించుకున్నారా?"

ఆయనకెందుకు, ఆయన ఇంటిపేరు వేరు అన్నాను నేను. చూడు, ఇంత పెద్ద పట్నంలో ఇన్నేళ్లు బతికిన దాన్ని, నా నోటంట వచ్చిన మాట అదే. తాతయ్య ఇంటిపేరు మీ మావది, మనది నాన్న ఇంటిపేరు. ఆ ఇంటి రోగం ఆ ఇంటివాళ్లకే అనుకోవడం మనకి చిన్నప్పటినుంచీ అలవాటు. డాక్టర్ బాబుకి అర్థం కాలేదు. శంకర్ విడమరచి చెప్పాక నవ్వారు, తర్వాత నవ్వు ఆపేశారు. "ఈ జబ్బు ఇంటిపేరు అడిగి రాదమ్మా. తాతగారి రక్తంలో ఏదైనా లోపముంటే కొడుక్కి ఎంత రావచ్చో కూతురికీ అంతే రావచ్చు. ఆవిడకి జబ్బు రాకపోయినా ఆవిడ కొడుక్కి అందవచ్చు" అన్నారు. అమ్మ సున్నా దగ్గర్నుంచి ఒక గీత దించి నీకో గడి గీశారు. లోపల ఖాళీగా ఉంచి పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. అన్నయ్యా, ఆ ప్రశ్న గుర్తు చూసిన దగ్గర్నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

భయపెడుతున్నాననుకోకు. వస్తుందని ఆయన అనలేదు. మిగతావాళ్ల కంటే వచ్చే వీలు ఎక్కువ అన్నారంతే. రక్తంలో చిన్నచిన్న తేడాలు చాలా ఉంటాయట, ఒక్కోటి కొంచెం కొంచెం అటు నెడుతుంది, కొన్ని ఇళ్లలో పెద్ద తేడా ఒకటి ఉంటుంది. ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరాలని లేదు. వచ్చినా, మీ మావకి దొరికినట్టు ముందే దొరికితే మనిషి దక్కుతాడు. తాతయ్యని ఎవరూ చూడలేదు, మీ మావని చూశారు, తేడా అదే. పి.ఎస్.ఏ. అని ఒక రక్తపరీక్ష ఉంది. చేతిలోంచి కొంచెం రక్తం తీస్తారు, పది నిమిషాల పని.

ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేశాను. ఆత్రంలో అన్నీ ఒకేసారి చెప్పేశాను, డాక్టరు ఇలా అన్నాడు, దగ్గరి సంబంధాల్లో రక్తం ఒకటే, నువ్వు పరీక్ష చేయించుకోవాలి అని. దానికి నువ్వు అన్నావు కదా, "రత్నం, సంబంధం ఒద్దనుకుంటే ఒద్దని సెప్పీ. డాక్టరు పేరు సెప్పి తిప్పికొట్టకు."

నాకు మొదట ఏ సంబంధమో తోచలేదు. నీ రక్తం గురించి తప్ప నా బుర్రలో ఏమీ లేదు. ఫోన్ పెట్టేశాక అర్థమైంది. మన వైపు మేనరికం తప్పించుకోవాలంటే ఎవరూ మీ పిల్ల మాకొద్దని అనరు. డాక్టరు దగ్గరి సంబంధం వద్దన్నాడు, లేకపోతే మేం కాదంటామా అంటారు. మన వీధిలో ఎన్ని సంబంధాలు అలా తప్పిపోయాయో చూస్తూ పెరిగాం. గౌరిని శంకర్‌కి అనుకున్నది ఈనాటి మాట కాదు. శంకర్‌కి రైల్వే ఉద్యోగం వచ్చింది, క్వార్టర్ వచ్చింది, ఇప్పుడు చెల్లెలికి డాక్టరు గుర్తొచ్చాడు అనుకున్నావు. నీ చోట నేనున్నా అలాగే అనుకుందునేమో. అయినా కోపమొచ్చింది. రెండు రోజులు నిన్ను తిట్టుకుంటూ బట్టలుతికాను, మీ మావ చొక్కా కాలరు చిరిగింది.

కోపం తగ్గేలోపే వదిన ఫోన్ చేసింది. వదిన మీద కేకలు వేశావంటే నా మీద ఒట్టు. భయపడి చెప్పింది. "మీ అన్న మాటిమాటికీ లెగుస్తన్నాడు, సొంబు నీళ్లు తాగడం కూడా మానీసినాడు. పరీచ్చకి ఎల్దామంటే కోప్పడతన్నాడు. రక్తంలో ఏదైనా తేల్తే గౌరి పెళ్లి ఆగిపోద్ది, అది అయినాక సూద్దాం అంతన్నాడు" అంది. మాట్లాడుతూ ఏడ్చేసింది. అంటే నువ్వు పైకి నన్ను అనుమానిస్తూ, లోపల జబ్బు దాచుకుంటున్నావు. నా కొడుక్కి పిల్లనివ్వడం కోసం నా దగ్గరే దాస్తున్నావు. ఇంత తెలివి ఎక్కడ నేర్చావు అన్నయ్యా?

వదిన చెప్పింది డాక్టర్ బాబుకి చెప్పాను. ఆ వయసులో చాలామందికి ఆ గ్రంథి మామూలుగానే ఉబ్బుతుంది, ఎక్కువ మందికి అంతకు మించి ఏమీ ఉండదు, మాత్రలతో సరిపోతుంది అన్నారు. కానీ మీ ఇంటి సంగతి తెలిశాక చూడకుండా వదలొద్దు అన్నారు. పెళ్లయ్యాక అనే మాట విని తల అడ్డంగా ఊపారు.

అమ్మతో కూడా మాట్లాడాను, నీకు చెప్పలేదేమో. "మా అయ్య రోగం నా కొడుక్కెలగొస్తాదే, మద్దిన నాను ఆడదాన్ని కదా" అంది ముందు. వివరంగా చెప్పాక, "అయితే నానే ఇచ్చీసినానేటి?" అంది. అమ్మ గొంతు అలా వినడం నాకదే మొదలు. నువ్వు ఇచ్చిందేమీ కాదమ్మా, అన్నయ్యకి నీ ముక్కు వచ్చింది, నీ మొండితనం వచ్చింది, అవి నువ్వు ఏరి ఇచ్చావా అన్నాను. కొంచెం తేరుకుంది. అమ్మ ముందు ఈ విషయంలో ఎవరి తప్పూ ఎత్తకు. తన తమ్ముడు నడిచి వచ్చి కళ్లముందు నిలబడితే అమ్మకి ధైర్యం అదే వస్తుంది.

ఇక సంబంధం మాట. శంకర్ ఈసారి ఒంటరిగా డాక్టర్ బాబు దగ్గరికి వెళ్లి తిన్నగా అడిగాడు, మా మేనమామ కూతుర్ని చేసుకోవచ్చా అని. ఆయన దాచకుండా చెప్పారట. మీ ఇంట్లో ఇప్పటికే ఒకసారి గీత వెనక్కి తిరిగింది, మళ్లీ తిరిగితే పుట్టే పిల్లలకి వేరే జబ్బులు వచ్చే వీలు కొంచెం పెరుగుతుంది, బయటి సంబంధమైతే మేలని నా సలహా అన్నారు. కాకపోతే నీ తండ్రి జబ్బుకీ నీ పెళ్లికీ ముడిపెట్టకు, ఎవర్ని చేసుకున్నా నలభై దాటగానే నువ్వు ఏటా రక్తం చూపించుకోవాల్సిందే అన్నారు. వాడొచ్చి ఇవన్నీ గౌరికి ఫోన్లో చెప్పాడు. వాళ్లిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటారా అని ఆశ్చర్యపోకు. వాడి జీతంలో ఎంత రీచార్జీకి పోతుందో నాకు తెలుసు, నీకు తెలియదంతే. రెండు రోజులు ఆలోచించుకుంటామన్నారు. ఆలోచించుకున్నారు. పిల్లల సంగతి వచ్చినప్పుడు డాక్టర్ని ముందే అడుగుతాం, మేం మాత్రం చేసుకుంటాం అన్నారు.

నాకైతే డాక్టర్ బాబు మాట విన్నప్పుడు గుండె కొంచెం బరువెక్కింది, నీ దగ్గర దాచడమెందుకు. కానీ వాళ్లు అన్నీ విని, తెలిసి ఒప్పుకుంటున్నారు. నాకప్పుడు ఎవరు చెప్పారు, నన్నెవరు అడిగారు. చీర కట్టి పీటల మీద కూచోబెట్టారు. అందుకే నేను వాళ్లకి అడ్డు చెప్పలేదు.

మొన్న గౌరి నాతోనే మాట్లాడింది. నీ కూతురు నీలా మెత్తన కాదు. "అత్తా, తాంబూలాలు మీ ఇష్టమొచ్చినప్పుడు పుచ్చుకోండి. ముహూర్తం మాత్రం నాన్న రక్తం ఇచ్చినాకే ఎట్టాల. ఇవ్వకపోతే నాను పీటల మీద కూకోను" అంది. ఏమొచ్చినా పెళ్లి ఆగదే అని నేనంటే, "ఆగదని నాకు తెల్సు, నాన్నకి తెలాల" అంది.

నీకు తెలియాలంటే ఏం చేయాలని మీ మావా నేనూ చాలా ఆలోచించాం. నువ్వు మాటలు నమ్మవు, ఫోను పెట్టేస్తావు. అందుకని వచ్చేస్తున్నాం. శంకర్‌కి సెలవు దొరికింది. ఈ శనివారం కాదు, ఆ పై శనివారం పొద్దున్నే ముగ్గురం పలాసలో దిగుతాం. ఆదివారం మంచిదట, మీ మావ పంతుల్ని ఇక్కడే అడిగాడు. ఆరోజే మీ ఇంట్లో తాంబూలాలు మార్చుకుందాం. నలుగురు పెద్దల్ని పిలువు, వీధిలో వాళ్లనీ పిలువు, అందరి ముందూ గౌరి మా కోడలని చెప్పి చీర పెడతాం. పరీక్ష తర్వాత కాదు, ముందే. రక్తంలో ఏం తేలినా ఆ మాట వెనక్కి పోకుండా నలుగురి ముందు అంటాను. అప్పుడిక దాచుకోవడానికి నీకు కారణం ఉండదు.

అట్టే ఖర్చు పెట్టకు. అన్నం, పప్పు, చేపల పులుసు చాలు. మీ మావకి కారం తగ్గించమని వదినకి చెప్పు, ఆయనేమో తగ్గించొద్దని చెబుతాడు, వినొద్దను. ఇక్కడ మన ఎండురొయ్యలు దొరకవు, తిరిగొచ్చేటప్పుడు పట్టుకెళ్లడానికి కొంచెం ఎండబెట్టి ఉంచమను. అమ్మకి బౌది ఇచ్చిన తాంతు నూలు చీర తెస్తున్నాను, తెల్లచీర అని వంక పెట్టకుండా కట్టుకోమను. పెద్దవాళ్లందరికీ మా దండాలు చెప్పు, పిల్లలకి దీవెనలు చెప్పు. గౌరికి విడిగా ఏమీ చెప్పక్కర్లేదు, వేరే దారిలో అందుతూనే ఉన్నాయి.

సోమవారం పొద్దున్నే నువ్వూ మావా శ్రీకాకుళం వెళ్లాలి. ఆయనకి మూడు నెలల రక్తపరీక్ష అప్పటికి వస్తుంది, అక్కడే ఇచ్చి కాగితం తెచ్చుకోమని డాక్టర్ బాబు ఒప్పుకున్నారు. నీకు ఒక మాట చెబుతాను, ఆయనకి చెప్పొద్దు. ఇన్ని సూదులు పొడిపించుకున్నా ఇప్పటికీ సూది చూస్తే ఆయన మొహం అటు తిప్పుకుంటాడు, చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. ఇక్కడైతే నేను పట్టుకునేదాన్ని. సోమవారం నేను రాను. నువ్వు పక్కన కూచుని ఆయన చెయ్యి పట్టుకో. ఆయనది అయ్యాక అదే బల్ల మీద నీ చెయ్యి పెట్టు, ఆయన పట్టుకుంటాడు.

నీ దీవెన కోరే చెల్లెలు,
నూకరత్నం